జానెడు నూలుకు ఒక రోజు

“పళ్ళన్నీ పీకినంక గూడ నొప్పి పోకపోతే, అప్పుడు ఏం పీకిచ్చుకోవాలె బిడ్డా?”

ఆ మాట అడిగిన మనిషి ఇంకా కుర్చీలో కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, కుడి దవడను అరచేత్తో పట్టుకుని, నిండు బిందె మోస్తున్నట్టు తలను జాగ్రత్తగా మోస్తోంది. విజయశ్రీ ముందున్న నాలుగు పేజీల కాగితంలో మొదటి గడి పేరు, రెండోది వయసు. ఈ ప్రశ్నకు గడి లేదు.

“ముందు కూర్చో పెద్దమ్మా,” అంది విజయశ్రీ.

పేరు అండాలమ్మ. వయసు యాభై రెండో యాభై మూడో. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక గల్లీలో కిరాయి ఇల్లు. పుట్టింది పోచంపల్లి పక్క పల్లెలో, నేతపని చేసే ఇంట్లో. దవడ నొప్పి మొదలై ఆరేళ్ళు. నిద్ర సరిగ్గా పట్టక నాలుగేళ్ళు. గల్లీ చివరి పళ్ళ డాక్టరు ఒకాయన ఆ నొప్పికి ఒకదాని తర్వాత ఒకటి మూడు పళ్ళు పీకాడు. పీకిన ప్రతిసారీ నొప్పి పది రోజులు తగ్గి, పక్క పన్నులోకి జరిగి కూర్చుంది. ఇక కుడివైపు మిగిలినవన్నీ తీసేసి కట్టుడు పళ్ళు పెట్టేద్దామని ఆయన అన్నాడు, కొడుకు అరుణ్‌కుమార్ సరేనన్నాడు. దసరా వెళ్ళిన వారం అనుకున్నారు.

“పళ్ళంటే నాకు బుక్క నమలేటందుకే గాదు. గవి నా మూడో చెయ్యి,” అంది అండాలమ్మ.

ఆమె చేసేది చిటికి కట్టే పని. పోచంపల్లి చీరలో పువ్వయినా ఏనుగయినా నేసేటప్పుడు పుట్టదు, నూలులోనే పుడుతుంది. నూలును చెక్క చట్రం మీద పరిచి, రంగు అంటకూడని చోటల్లా సన్నటి రబ్బరు పట్టీ బిగించి చుట్టాలి. అప్పుడు దాన్ని రంగులో ముంచుతారు. ఎడమ చేత్తో నూలు పట్టుకుని, కుడి చేత్తో పట్టీ చుడుతూ, పట్టీ రెండో కొసను అండాలమ్మ కుడివైపు పళ్ళతో బిగపట్టి లాగుతుంది. ఏడో ఏట తల్లి పక్కన కూర్చుని నేర్చిన తీరు అది. రోజుకు కొన్ని వందల ముళ్ళు. పెళ్ళయ్యాక మగ్గం నడవక, భర్త హనుమాండ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనికి వచ్చినా, ఆమె చట్రం మాత్రం వెంట వచ్చింది. ఆయన పోయి ఎనిమిదేళ్ళయినా చట్రం గోడకు ఆనుకునే ఉంది. కట్టుడు పళ్ళతో పట్టీ పట్టలేదు. ఆ పళ్ళు పోయిన రోజే పనీ పోతుంది.

వృత్తి అన్న గడిలో విజయశ్రీ “చేతిపని” అని రాసింది. అలా రాసినందుకు తర్వాత ఆమె చాలాసార్లు సిగ్గుపడింది.

అది రెండువేల పదకొండు సెప్టెంబరు. ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక ఉన్న ఒక దంత వైద్య కళాశాల రెండో అంతస్తులో డాక్టర్ సాంబమూర్తి ఒక పరిశీలన చేస్తున్నారు. పళ్ళలో ఏ తప్పూ కనబడదు, అయినా ముఖం నొప్పి, దానికి తోడు నిద్రలేమి. అలాంటివాళ్ళకు మందూ కత్తీ లేకుండా నాలుగు వారాల్లో నేర్పగలిగిన పద్ధతులు రెండున్నాయి. ఒకటి నిద్రను దారిలో పెట్టేది. ఇన్ని గంటలకే పడుకోవాలి, రోజూ ఒకే వేళకు లేవాలి, నిద్ర రాకపోతే మంచం దిగిపోవాలి. రెండోది దవడను వదులు చేసేది. పళ్ళు ఎప్పుడు బిగుసుకుంటున్నాయో కనిపెట్టడం, ఊపిరి నెమ్మదిగా వదలడం, నొప్పి వెంట వచ్చే దిగులును కాస్త దూరం పెట్టడం. రెండింట్లో ఏది మేలు? అది తేల్చాలంటే వచ్చినవాళ్ళను చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడగొట్టాలి. ఒక జట్టు పాఠం ఇంకో జట్టు చెవిన పడకూడదు.

విజయశ్రీది జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ. కాగితాలు నింపడం, చీటీ కవర్లు తెరవడం, వారం వారం ఫోన్లు చేయడం ఆమె పని. సైదాబాద్‌లో ఇల్లు, ఇంట్లో ఐదు నెలల పాప. పాపను చూసుకునేది విజయశ్రీ తల్లి. నిద్రలోనే ఊపిరి ఆగిపోయే పసిపిల్లల గురించి విజయశ్రీ కాన్పుకు ముందే చదివింది. చదువుకున్న మనిషికి భయం కూడా లెక్కలతోనే వస్తుంది. వేలమందిలో ఒకరికి అని తెలుసు, ఆ ఒకరు ఎవరో తెలియదు. అందుకే అరగంటకోసారి ఇంటికి ఫోను.

అండాలమ్మ కాగితం సగంలో ఉండగా కూడా చేసింది. “అమ్మా, పాప పండుకున్నదా? ఊపిరి చూసినవా? పొట్ట కదులుతున్నదా? ఇంకోసారి చూడు.”

ఫోను పెట్టాక అండాలమ్మ అడిగింది. “ఎవరికి పానం బాగలేదు బిడ్డా?”

“అందరూ బాగనే ఉన్నరు పెద్దమ్మా.”

“మల్ల గా మొఖమేంది?”

విజయశ్రీ నవ్వేసి కవరు తెరిచింది. అండాలమ్మకు నిద్ర జట్టు వచ్చింది.

పాఠం చెప్పింది సాంబమూర్తి గారే. రాత్రి పదకొండుకు ముందు పడుకోవద్దు, పొద్దున ఐదుకు ఎలాగైనా లేవాలి, పగలు కునుకు తీయొద్దు అన్నారు.

అండాలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. “నిద్ర పడతలేదని ఒచ్చిన మనిషిని పండుకోవద్దంటవేంది సారూ? ఆకలైతున్నదంటే పళ్ళెం గుంజుకున్నట్టున్నది.”

“గుంజుకోవట్లేదమ్మా, ఆకలి ముదిరేదాకా ఆగమంటున్నాను,” అన్నారాయన. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ ముప్పై ఏళ్ళయినా మాట మారలేదు. “మీరు మంచం మీద ఉండేది పది గంటలు. నిద్రపోయేది నాలుగు. మిగతా ఆరు గంటలూ ఆ మంచం మీకేం నేర్పుతోందండీ? మేలుకుని ఉండటమే కదా.”

అండాలమ్మ ఒప్పుకుంది. “గది మాత్రం నిజమే. మంచం చూస్తెనే కండ్లు తెరుసుకుంటయి నాకు.”

ప్రతి పొద్దునా ముందు రోజు నొప్పి పదికి ఎంతో, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో కాగితం మీద రాయాలి. ఆమెకు చదువు రాదు. కోడలు మాలతి రాస్తుందని చెప్పి వాళ్ళిచ్చిన నీలం ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళింది.

రెండో వారం ఆమె కాగితాలు చూసి విజయశ్రీ మురిసిపోయింది. ఒక్క గడి ఖాళీ లేదు, ఒక్క కొట్టివేత లేదు. ఐదు, ఐదు, నాలుగు, ఐదు. మిగతావాళ్ళవి కూర మరకలతో, సగం ఖాళీలతో వచ్చేవి.

ఆ వారమే సకల జనుల సమ్మె మొదలైంది. ముందు ఆఫీసులు, బడులు మూతపడ్డాయి, తర్వాత బస్సులు ఆగాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఎప్పుడూ పొగతో కిక్కిరిసే రోడ్డు మీద జనం బతుకమ్మలు పేర్చి ఆడారు, పొయ్యిలు పెట్టి వంటా వార్పూ చేశారు. పరిశీలనకు వచ్చేవాళ్ళు సగానికి తగ్గారు. మంగళవారం ఒక జట్టు, గురువారం ఒక జట్టు అన్న నియమాన్ని సాంబమూర్తి గారు సడలించి, “ఎవరు ఏ రోజు రాగలిగితే ఆ రోజు రమ్మను విజయా” అన్నారు. ఆ ఒక్క సడలింపే కొంప ముంచింది.

బస్సుల్లేవు, ఆటోల్లేవు. మూడో వారం ఇక ఎవరూ రారనుకుని విజయశ్రీ ఫైళ్ళు సర్దుతుంటే, పదకొండు గంటలకు అండాలమ్మ మెట్లెక్కి వచ్చింది. ఐదు కిలోమీటర్ల పైన నడక. వెనక ఇంకొకామె ఉంది, కిష్టమ్మ. నల్లగొండ వైపు నుంచి వచ్చి కొత్తపేటలో కూరగాయలు అమ్ముతుంది. అప్పటికి పండ్ల మార్కెట్ బాటసింగారం పోలేదు, కొత్తపేటలోనే ఉంది. ఆ మార్కెట్ ముందు ఒకరి చంకలో నీలం ఫైలు ఇంకొకరు చూసి గుర్తుపట్టారట. కిష్టమ్మది దవడ జట్టు.

విజయశ్రీ ఇద్దరినీ బల్ల దగ్గరే ఆపింది. “మీ ఇద్దరి పాఠాలు వేరు. దారిల ఒకరియి ఒకరు చెప్పుకోవద్దు, సరేనా?”

“మేమేమన్న పరీచ్చల చూసి రాసే పోరగాండ్లమా మేడం?” అంది కిష్టమ్మ. అండాలమ్మ మాత్రం కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది.

సాంబమూర్తి గారు ఆమె కాళ్ళ దుమ్ము చూసి, “ఇంత ఎండలో ఎందుకమ్మా ఈ శ్రమ? ఫోను చేస్తే పోయేదిగా,” అన్నారు.

“ఫోన్ల నా దవడ కనపడుతదా సారూ? మా తెలంగాణ మాకు రావాలె. మీరు మాత్రం యాడికి పోవద్దు, నా దవడ నయమయ్యేదాక.”

ఆయన పగలబడి నవ్వారు. ఆ నెలలో ఆయన అలా నవ్వగా విజయశ్రీ చూడటం అదే మొదలు.

నాలుగో వారం, దసరాకు రెండు రోజుల ముందు, అండాలమ్మ ఒక్కతే నడిచి వచ్చింది. విజయశ్రీ కాగితాలు తిరగేసింది. మళ్ళీ అవే ముత్యాల్లాంటి అంకెలు. నాలుగు, నాలుగు, ఐదు, నాలుగు. “కొంచెం తగ్గినట్టున్నది పెద్దమ్మా,” అంది సంతోషంగా.

“గా కాయితాలు పారేయి బిడ్డా. అండ్ల నేను లేను.”

“అంటే?”

“మా మాలతి రాసింది. ఇక్కడికి ఒచ్చే రోజు పొద్దుగాల, చాయ్ తాగుకుంట ఏడు రోజులయి ఒక్కపారే రాస్తది. దాని తప్పు లేదు. పిల్లలను తయారు చేసుడు, వంట, దానికి తీరిక యాడిది? ‘ఎంత రాయాలె అత్తమ్మా’ అంటే ‘నీకు తోచింది రాయి పో’ అన్న. పదికి ఎంత అంటే నేనేం చెప్త? నొప్పిని తూకమేస్తరా?”

విజయశ్రీ అప్పుడు చూసింది. అన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే తొందర. ఎమ్మెస్సీ చదివిన కంటికి అవి నాలుగు వారాలుగా కనబడలేదు. నీటుగా ఉన్నాయని మురిసిపోయింది అంతే.

అండాలమ్మ కొంగు ముడి విప్పి, చుట్టగా చుట్టిన తెల్ల నూలు తీసి బల్ల మీద పెట్టింది. “నాది గిది.”

జానెడు నూలుకు ఒక రోజు. ఆ జానెడులో చిన్న ముళ్ళు వేసి ఉన్నాయి, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తే అన్ని. పక్కనే ఎర్ర దారం చుట్టి ఉంది. నొప్పి కాసేపు ఉంటే సన్నగా, పొద్దంతా ఉంటే వేలి వెడల్పున. కొన్ని జానెళ్ళకు పసుపు రాసి ఉంది, అవి చిటికి కట్టిన రోజులు. ఎన్ని రోజులు పని చేశారో ఆమె తల్లి అట్లాగే గుర్తు పెట్టుకునేదట. ముడి మీద ముడి వేయడం తప్ప వేరే రాత ఎరగని చేతులు వరసగా ఇరవై ఆరు రోజులు, ఒక్కటి తప్పకుండా, ఏ రోజుది ఆ రోజే రాసుకున్నాయి.

విజయశ్రీ ఆ నూలును మెల్లగా లాగుతూ చూసింది. మొదటి వారం జానెడుకు ఏడేసి, ఎనిమిదేసి ముళ్ళు. రెండో వారం ఐదు, నాలుగు. మూడో వారం రెండు. నిద్ర వచ్చింది, ఆ సంగతి వేలికి తగులుతోంది. కానీ ఎర్ర దారం మొదటి రెండు వారాలూ అంతే లావుగా ఉంది. మూడో వారం చివర్లో ఉన్నట్టుండి సన్నబడింది.

“ఇక్కడేం జరిగింది పెద్దమ్మా?”

అండాలమ్మ తల వంచుకుంది. “కోప్పడతవేమో.”

“చెప్పు.”

“కిష్టమ్మ పాఠం గూడ నేర్చుకున్న. అటు నడుసుకుంట నేను నాది చెప్పిన, ఇటు నడుసుకుంట అది తనది చెప్పింది. పెదవులు కలిసి ఉండాలె, పళ్ళు ఎడంగ ఉండాలె అంట గదా. దానికి గూడ నిద్ర మంచిగ పడుతున్నదంట. బిడ్డా, ఒక మనిషి బాధ పడుకుంట పక్కన నడుస్తుంటె, తెలిసిన మందు చెప్పకుంట ఎట్ల నడుస్త?”

రెండు జట్ల మధ్య కట్టిన గోడ ఇద్దరు ఆడవాళ్ళ నడకతో కూలింది. మిగిలినవాళ్ళే కొద్దిమంది, అందులో ఇద్దరి లెక్క కలిసిపోయింది. ఈ సంగతి తాను రాయకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన విజయశ్రీకి వచ్చింది. వచ్చిందని అండాలమ్మకు తెలిసినట్టే ఉంది.

“రాసుకో బిడ్డా. చిటికి తప్పు కడితె రంగు తప్పే పడతది. కట్టినప్పుడు దాసినా చీర మీద దాగదు.”

విజయశ్రీ రాసింది. సాంబమూర్తి గారు చదివారు. “చీటీలో ఏ జట్టు వచ్చిందో ఆ జట్టులోనే లెక్కపెట్టు. ఏం జరిగిందో కింద పూర్తిగా రాయి,” అన్నారు. తర్వాత ఆ నూలు చేతిలోకి తీసుకుని, కళ్ళద్దాలు పైకి జరిపి, ఒక్కో ముడీ తడిమి చూశారు. “మనం నలభై మందికి కాగితాలిచ్చాం విజయా. నిజం చెప్పింది ఇదొక్కటేనేమో.”

ఆఖరి కొలత దసరా వెళ్ళిన వారం. సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది. అండాలమ్మ ఫోను చేసింది. “సోమారం పళ్ళ డాక్టరు కాడికి తీస్కపోతనంటున్నడు మావోడు. ఒక్కపారి ఇంటికి ఒస్తవా బిడ్డా?” ఆ శనివారం విజయశ్రీ తల్లికి జ్వరం. వేరే దారి లేక పాపను భుజాన వేసుకుని, సైదాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా గల్లీల వెంట నడిచి వెళ్ళింది.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో సగం చట్రమే ఆక్రమించింది. నీలం రంగు పట్టు నూలు దాని మీద సాపుగా పరుచుకుని ఉంది. పాప నిద్రలో ఉంది. మాలతి గోడవారగా బొంత పరిచి పడుకోబెట్టి, తాను కాగితాల సంగతి తెలిసిపోయిన సిగ్గుతో టీ పెట్టడానికి లోపలికి పరిగెత్తింది.

“నన్ను పోలీసులకు పట్టియ్యరు కదా మేడం?” అని లోపలి నుంచే అరిచింది.

“నీ రాత చూసి నౌకరిల పెట్టుకుంటరు, పో,” అంది అత్త.

అరుణ్‌కుమార్ కుర్చీ అంచున కూర్చున్నాడు. చీరల దుకాణంలో సేల్స్‌మన్, మాట మెత్తన. “మీరు మంచోళ్ళే మేడం. కని నెల చూసినం. ఆరేండ్ల సంది అమ్మ బాధ నేను చూస్తున్న. గా పళ్ళు తీసేస్తె పీడ పోతది. సోమారం పది గంటలకు రమ్మన్నడు.”

“పీకినంక ఏం చేస్త కొడకా?” అంది అండాలమ్మ.

“రెస్టు తీస్కో అమ్మా. ఇంకెన్ని రోజులు కడుతవ్?”

“రెస్టు తీస్కున్న. తొమ్మిది రోజులు. చూడు రా, ఇటు.”

ఆమె నూలు చుట్టను నేల మీద విప్పి పరిచింది. వంటింటి గుమ్మం నుంచి వీధి గుమ్మం దాకా వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో జరుపుతూ చెప్పింది. సమ్మెకు బస్సులాగి పోచంపల్లి నుంచి నూలు రాలేదు. తొమ్మిది రోజులు చట్రం ఖాళీ. ఆ తొమ్మిది జానెళ్ళకు పసుపు లేదు. ఎర్ర దారం ఉండీ లేనట్టుంది.

విజయశ్రీ చదువు నోరు ఊరుకోలేదు. “కానీ పెద్దమ్మా, అవే రోజులల్ల నువ్వు కిష్టమ్మ పాఠం మొదలుపెట్టినవు కదా. తగ్గింది దానివల్లనో, పని లేనందువల్లనో ఎట్ల తెలుస్తది?”

“గందుకే మల్ల చూసిన,” అంది అండాలమ్మ, ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు.

దసరా మరునాడు చుట్టాలబ్బాయి బండి మీద నూలు తెచ్చాడు. రెండు రోజులు పాతతీరున, పట్టీ పళ్ళతో పట్టి కట్టింది. రెండు జానెళ్ళకు పసుపు, వేలి వెడల్పున ఎరుపు. తర్వాత రెండు రోజులు పళ్ళు తగలనివ్వకుండా కట్టింది. ముందు బట్టలారేసే క్లిప్పు పెట్టి చూసింది, పట్టీ జారిపోయింది. వెదురు ముక్కను సగం చీల్చి, చట్రానికి కట్టి, ఆ చీలికలో పట్టీ కొస ఇరికించింది. ఆగింది. పని నెమ్మదించింది కానీ ముడి బిగిసింది. ఆ రెండు జానెళ్ళకు పసుపు ఉంది, ఎరుపు వెంట్రుకంత. ఆ తర్వాత మళ్ళీ ఒక్క రోజు, కావాలని, పళ్ళతో.

ఆ జానెడు మీద ఎర్ర దారం ఉబ్బి ఉంది.

“నిద్ర పాఠంతోటి మెలకువలు తగ్గినయి. కిష్టమ్మ పాఠంతోటి నా పళ్ళు ఎప్పుడు బిగుస్తున్నయో తెలిసింది. తెలిసినంక చూస్తె ఏమున్నది? నలభై ఐదేండ్ల సంది పట్టీ పట్టుకోని కూసున్నయి గవి. చేతుల పట్టీ లేకున్న గూడ పట్టుకోనే ఉంటున్నయి. పన్నుల తప్పు లేదు కొడకా. నా పట్టుల ఉన్నది.”

ఒక్కటే మార్చి, మిగతావి కదపకుండా ఉంచి, మార్చిందాన్ని మళ్ళీ వెనక్కి తెచ్చి చూడాలి. ఈ సంగతి విశ్వవిద్యాలయంలో విజయశ్రీకి రెండేళ్ళు నేర్పారు. ఈమె దాన్ని తగ్గుతున్న నొప్పి మీద, తన సొంత దవడ మీద, కావాలని ఒక రోజు బాధ తెచ్చుకుని చేసింది. “చేతిపని” అని తాను రాసిన గడిలో అసలు కారణం మొదటి రోజు నుంచే కూర్చుని ఉంది. నిద్ర జట్టు కదా అని పళ్ళతో చేసే పని సంగతి ఎవరూ మళ్ళీ అడగలేదు.

అరుణ్‌కుమార్ నేల మీదికి దిగి, నూలు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. రోజూ చీరలు విప్పి చూపే చేతులు అవి. ఎర్ర దారాన్ని వేలితో తడుముతూ ఒక కొస నుంచి ఇంకో కొసకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

“గా మూడు పళ్ళు ఉత్తగనే పీకించినట్టేనా అమ్మా?”

“పోనీ రా. ఉన్నయి ఉండనియ్యి.”

అతను లేచి ఫోను తీసుకుని బయటికి వెళ్ళాడు. వీధిలో ఊరేగింపు డప్పుల చప్పుడు. ఆ చప్పుడులో అతను గట్టిగా చెప్పడం వినిపించింది. “సోమారం మేం రాము, డాక్టర్ సాబ్. లేదు లేదు, ఇంకో రోజు గాదు. రాము.”

మాలతి టీ గ్లాసులతో వచ్చి, కిందున్న నూలు తొక్కబోయి ఆగింది. “అత్తమ్మా, ఇదేనా నా రాతకు పోటీ?”

“నీది అందంగున్నది. నాది నిజంగున్నది.”

నొప్పి పూర్తిగా పోలేదు, అండాలమ్మ కూడా పోయిందని చెప్పలేదు. చలికాలం పొద్దుల్లో దవడ ఇప్పటికీ పట్టేస్తుంది. కానీ ఆ పళ్ళు ఉన్నాయి, చట్రం ఉంది. ఏడాది తిరిగేసరికి ఆ గల్లీలో చిటికి కట్టే ముగ్గురి చట్రాలకు చీల్చిన వెదురు ముక్కలు వచ్చాయి. పరిశీలన మాత్రం తేలలేదు. సమ్మె అయ్యేసరికి మిగిలినవాళ్ళతో ఏ పద్ధతి మేలో చెప్పలేమని సాంబమూర్తి గారు ఉన్నదున్నట్టు రాశారు. కిష్టమ్మ ఆయనకు రెండు కిలోల టమాటాలు పంపి, “రెండు గూడ మంచియే అని రాయమను” అని కబురు చేసింది.

ఆ శనివారం ఇంకొకటి జరిగింది. టీ తాగేలోపు విజయశ్రీ నాలుగుసార్లు లేచి పాప దగ్గరికి వెళ్ళింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. నాలుగోసారి పాప ఉలిక్కిపడి ఏడ్చింది. అండాలమ్మ పాపను తీసుకుని ఒళ్ళో వేసుకుని, వీపు నిమురుతూ విజయశ్రీ ముఖం చూసింది.

“నీ పళ్ళు యాడున్నయి బిడ్డా ఇప్పుడు?”

విజయశ్రీ చూసుకుంది. పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదాన్నొకటి కొరుకుతున్నాయి. చెవి దాకా నొప్పి ఉంది. ఎన్నాళ్ళుగా ఉందో ఆమెకు తెలియదు. నలభై మంది దవడలు రాసుకుంది, తనది చూసుకోలేదు.

“భయమైతది పెద్దమ్మా. చూడకపోతే ఏమన్న అయితదేమోనని.”

“భయం గాక ఏమైతది? తల్లివి.” అండాలమ్మ చట్రం వైపు చూపించింది. “చిటికి కట్టినంక రంగుల ముంచుతం. కొత్తగ నేర్చుకునే పిల్లకు ఆత్రం ఎక్కువ. లోపల రంగు దిగిందేమోనని పట్టీ జరిపి చూస్తది. మంచిగనే ఉంటది. కని చూసిన చోటనే రంగు దిగుతది.”

ఇప్పుడు ఆ పాప బడికి పోతోంది. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే విజయశ్రీ చెయ్యి ఇప్పటికీ ఫోను మీదికి పోతుంది. ఒకసారి చేస్తుంది. డ్రైవరు వస్తున్నాననగానే పెట్టేస్తుంది. రెండోసారికి చెయ్యి లేచినప్పుడు పళ్ళు ఎడం చేసి, ఊపిరి వదిలి, ఆ రోజు అండాలమ్మ పాపను తిరిగి ఒళ్ళో పెడుతూ చెప్పిన మాట తలుచుకుంటుంది.

“ఒక్కపారి మంచిగ చూసి కట్టు. కట్టినంక ఇప్పి చూడకు బిడ్డా.”